వక్కపొడి డబ్బాలో ప్రాసెసర్

పెద్దమామ పోయిన కబురు నాకు ఫోన్ చేసి చెప్పింది చిన్నమామ. ఇందులో వింతేముందని మీరు అనుకోవచ్చు. మా చుట్టాల్లో మాత్రం ఈ మాట ఎవరికి చెప్పినా "ఎవరూ, ఆయప్పా? ఆ మనిషా చెప్పింది?" అని ఒకసారి ఆగి, ఆ తర్వాతే కళ్ళు తుడుచుకున్నారు.

నేను ప్రొద్దుటూరులో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేస్తాను. ఆ పొద్దున ల్యాబ్ తాళం తీస్తుంటే ఫోన్ మోగింది. "పాపా, మీ పెద్దమామ పోయినాడు. తెల్లారి రొమ్ములో నొప్పి అన్న్యాడంట. జమ్మలమడుగు ఆస్పత్రికి తీస్కపోతాంటే దావలోనే అయిపోయిందంట" అన్నాడు. అన్నీ అంటలే. గోడకు అవతల, పక్కింట్లో జరిగిన చావు కూడా ఆయనకు ఒకరు చెబితే తెలిసింది. "నేను ఆడికి పోలేను గదా. నువ్వన్నా బిన్నా రా, ఆలస్యం చేయాకు" అని ఫోన్ పెట్టేశాడు.

వీళ్ళిద్దరూ నాకు మేనత్తల మొగుళ్ళు. మా నాయన చెల్లెళ్ళిద్దరినీ కొండాపురం పక్కన ఒకే ఊళ్ళో ఇచ్చారు. అక్క మొగుడు పెద్దమామ, చెల్లెలి మొగుడు చిన్నమామ. షడ్డకులంటే మామూలుగా అత్తగారింట్లో ఎవరి విస్తట్లో ఎక్కువ ముక్కలు పడ్డాయో లెక్క చూసుకునేవాళ్ళు. వీళ్ళు అట్లా కాదు. ఫ్యాక్షన్ రోజుల్లో ఇద్దరిదీ ఒకే నాయకుడు, ఒకే జీపు, ఒకే కేసు. జమ్మలమడుగు కోర్టులో వాయిదా ఉంటే ఒకే క్యారియర్‌లో సంగటి కట్టించుకొని పోయేవాళ్ళు. పెద్దమామ ఎడమచేతికి చివరి రెండు వేళ్ళు లేవు. నాటుబాంబు తీసుకుపోయింది. చిన్నప్పుడు "ఏమైంది మామా?" అని అడిగితే "పార్టీకి చందా ఇచ్చినాలే" అనేవాడు. ఆ రోజు తన పంచె చించి ఆ చేతికి కట్టు కట్టి, భుజాన మోసుకొచ్చి జీపెక్కించింది చిన్నమామ.

కొన్నేళ్ళకు ఆ నాయకుడికీ ఆయన కుడిభుజం అనుకున్న మనిషికీ చెడింది. చెరో పార్టీ పట్టుకున్నారు. పైన పడ్డ చీలిక కింద ఆ ఊరి దాకా వచ్చి, మా అత్తల నడిమింట్లో ఆగింది. పెద్దమామ అటు, చిన్నమామ ఇటు. సర్పంచ్ ఎన్నికలప్పుడు పెద్దమామ గడ్డివామి తగలబడింది. ఎవరు ముట్టించారో ఈరోజుకూ తెలియదు. కేసులో మాత్రం మొదటి పేరు చిన్నమామది. ఆ రోజుతో మాటలు పోయాయి. నీళ్ళు పోయాయి. మా వైపు ఎదుటి పార్టీవాళ్ళ ఇంట్లో నీళ్ళు ముట్టడమంటే మాటలు కాదు. ముట్టనివాడికి పంతం ఉన్నట్టు, ముట్టినవాడు లొంగినట్టు.

అత్తలిద్దరూ ఈ లెక్కలేవీ పెట్టుకోలేదు. పాలు తోడు వేయడానికి పెరుగు లేకపోతే ఒకరింటి నుంచి ఒకరికి గిన్నె పోయేది, వచ్చేది. వచ్చే గిన్నె ఎప్పుడూ వట్టిగా రాలేదు. అందులో రెండు పచ్చిమిరపకాయలో, కాస్త చింతపండో ఉండేది. "మొగోళ్ళ పార్టీలు పాలకేం తెలుసు" అనేది పెద్దత్త.

ఆ తర్వాత గండికోట ప్రాజెక్టు నీళ్ళు వచ్చి ఊరు మునిగింది. ముంపువాళ్ళకు వేసిన కాలనీలో చీటీలు తీసి స్థలాలు ఇచ్చారు. పాత ఊళ్ళో ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి ఉన్న ఇళ్ళు కాలనీలో గోడకు గోడ ఆనుకొని పడ్డాయి. పెద్దమామ ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూసి "దేవుడు కూడా ఏందో ఒక పార్టీలో చేరినట్టుండాడు" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఇక కంప్యూటర్ల సంగతి. గొడవకు ముందు, పిల్లల చదువుల కోసమని, ఇద్దరూ ప్రొద్దుటూరులో ఒకే అంగట్లో ఒకే రోజు ఒకే రకం డెస్క్‌టాప్‌లు కట్టించుకున్నారు. ఏది మంచిదో చూడమని నన్నూ వెంట తీసుకుపోయారు. రెండు పెట్టెలూ ఒకే జీపులో ఊరికి పోయాయి. పిల్లలు చదువుకొని బెంగళూరులో ఉద్యోగాలకు పోయారు. మిషన్లు ఇక్కడే మిగిలాయి. చిన్నమామ తన మిషన్‌లో సాయంత్రంపూట నాటకాల పద్యాలు పెట్టుకొని వినేవాడు. గోడ ఇవతల పెద్దమామ "ఆ అరుపులేందో" అని విసుక్కునేవాడు. విసుక్కుంటూనే రాగం తీసేవాడు. ఎత్తుగడలో చిన్నమామ మిషన్ కంటే ఈయనే ముందుండేవాడు.

పెద్దమామ మిషన్ పని వేరు. పార్టీ వదిలేశాక ఆయన ఒక్కవేలితో తెలుగు టైపు నేర్చుకున్నాడు. కాలనీలో పరిహారం రానివాళ్ళకు, పట్టా రానివాళ్ళకు అర్జీలు కొట్టి ఇచ్చేవాడు. ఏ పార్టీ అని అడిగేవాడు కాదు. "ఒకప్పుడు వీళ్ళ ఇండ్ల మీదికి పోయినాం. ఇప్పుడు వాళ్ళే ఇంటికి వస్తాండారు. ఇంతకంటే ఏం గావాల" అనేవాడు. అర్జీ తీసుకున్నవాళ్ళకు చిన్న స్టీలు డబ్బాలోంచి వక్కపొడి పెట్టేవాడు. తలుపుకు వీపు పెట్టి కూర్చునే ధైర్యం మాత్రం చివరిదాకా రాలేదు. అందుకని మిషన్‌ను గది మధ్యలో పెట్టించి తాను గోడకు ఆనుకొని కూర్చునేవాడు. వైర్లన్నీ గదికి అడ్డంగా పోయేవి. తట్టుకొని పడనివాళ్ళు మా చుట్టాల్లో లేరు. నేను పడితే "కాలు పైకెత్తి నడువు కోడలా, ఇది ప్రొద్దుటూరు రోడ్డు కాదు" అని నా మీదికే వచ్చేవాడు.

పోయిన ఏడాది పులివెందులలో ఒక పెళ్ళికి పోయాడు. అక్కడ ఏం చూశాడో వచ్చాక నాకు ఫోన్‌లో చెప్పాడు. "కోడలా, చెరో పార్టీ పట్టుకున్న మా పెద్దోళ్ళు ఇద్దరూ ఒకే బంతిలో పక్కపక్కన కూర్చోని తింటాండారు. ఒకరి ఇస్తట్లో ఒకరు బూరెలు ఏస్తాండారు. నేను సూస్తా నిలబడినా. మా గడ్డివామి యాడికి పోయిందో, నా ఏళ్ళు యాడికి పోయినాయో." నేను ఏదో అనబోతే "సరే గానీ, మన మిషన్ లేస్తల్లేదు. నువ్వొచ్చి సూడు" అన్నాడు.

జరిగిందేమంటే, మిషన్ మందకొడిగా ఉందని, ఎవరో చెప్పిన కొంచెం కొత్త రకం ప్రాసెసర్ ఒకటి పులివెందుల నుంచి వస్తూ పట్టుకొచ్చాడు. ప్రాసెసర్ అంటే ఏం లేదు, బిళ్ళంత చదరం. అడుగున దువ్వెన పళ్ళకంటే సన్నటి కాళ్ళు వందల్లో ఉంటాయి. మిషన్‌కు బుద్ధి అదే. దాన్ని తీయాలంటే మీదున్న ఫ్యాన్‌ను మెల్లగా అటూ ఇటూ కదిపి వదులు చేసి, పక్కనున్న కడ్డీ పైకి లేపి తీయాలి. మా మామ పల్లేరుకాయ పీకినట్టు పీకాడు. పాత బిళ్ళ ఫ్యాన్‌తో పాటే ఊడి వచ్చింది. కాళ్ళు సగం వంగాయి, కొన్ని విరిగాయి. కొత్తది పెట్టి స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది.

ఆదివారం పోయి చూశాను. ర్యామ్ తీసి పిల్లల రబ్బరుతో రుద్ది పెట్టాను. లోపలి బటన్ బ్యాటరీ తీసి పెట్టాను. ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే చిన్న వైరు సరిగా ఉందో లేదో చూశాను. తెరను నా ల్యాప్‌టాప్‌కు తగిలించి చూశాను. అన్నీ బాగున్నాయి. చివరికి మిషన్ లోపల అన్నీ బిగించి ఉండే బోర్డు మీద నంబరు చూసి, ఫోన్‌లో వెతికితే అసలు సంగతి తెలిసింది. బోర్డుకు ఏ ప్రాసెసర్లు తెలుసో దానిలోనే రాసి ఉంటుంది. ఈ కొత్తది దానికి తెలియదు. తెలియాలంటే ఆ రాతను కొత్తది చేయాలి. అది చేయాలంటే మిషన్ లేవాలి. మిషన్ లేవాలంటే దానికి తెలిసిన పాత ప్రాసెసరే కావాలి. పెరుగు కోసం పెరుగు కావాలన్నట్టు.

"అంటే పాతదాన్ని కొంచేపు కూర్చోబెడితే, అది కొత్తదాన్ని పరిచయం చేస్తాదన్నమాట" అన్నాడు పెద్దమామ.

"అంతే మామా. నీ పాతదేమో కాళ్ళు విరిగి పడింది. అట్లాంటిదే ఇంకోటి కావాల."

"అట్లాంటిది యాడుండాది?"

ఎక్కడుందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు, వంటింట్లోంచి వింటున్న పెద్దత్తకూ తెలుసు. నేను ప్రొద్దుటూరులో పాత సామాన్ల అంగళ్ళలో వెతుకుతానన్నాను. అవసరమైతే డిస్క్ తీసి అర్జీలన్నీ ఇంకో మిషన్‌లోకి ఎక్కిస్తానన్నాను. ఆయన నా మాట వినడం లేదు. పెట్టెలోంచి ఉతికిన తెల్లచొక్కా తీసి తొడుక్కుంటున్నాడు. "కావాల్సినోడు నేను. అడిగేది నేను. నువ్వు బిళ్ళ పీకేకి రా, చాలు" అన్నాడు. ఆయన ఈ సందు కోసమే మిషన్ పాడుచేసుకున్నాడని చిన్నత్త ఇప్పటికీ అంటుంది. నేనైతే నమ్మను. ఆయనకు అంత ఉపాయం ఉంటే ఎప్పుడో మంత్రి అయ్యేవాడు.

గోడ పక్కనే ఇల్లు. అయినా వీధిలోకి వచ్చి, చుట్టూ తిరిగి, ముందు వాకిలి నుంచే పోయాడు. చిన్నమామ మంచం మీద కూర్చొని వేరుశనగలు ఒలుస్తున్నాడు. తలెత్తి చూసి, లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు. పెద్దమామ గోడ పక్క కుర్చీ వెతుక్కోలేదు. తలుపుకు వీపు పెట్టి ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏం పని మీద వచ్చిరో అడుగు పాపా" అన్నాడు చిన్నమామ, నన్ను చూస్తూ.

"మిషన్ లేస్తల్లేదని చెప్పు కోడలా" అన్నాడు పెద్దమామ, వేరుశనగలను చూస్తూ.

"నేనేం జేయాలంటనో."

"ఆ మిషన్‌లోని బిళ్ళ కొంచేపు కావాలని చెప్పు. మళ్ళీ నేనే తెచ్చిస్తా."

"తీస్కపొమ్మను. మిషన్‌దేముండాది."

అడుగు దూరంలో కూర్చున్న ఇద్దరు ముసలివాళ్ళ మధ్య నేను తపాలా పని చేశాను. ఒకటి రెండు మాటలు నేను తిరిగి చెప్పేలోపే జవాబు వచ్చేసింది. నేను చిన్నమామ మిషన్ పక్కతలుపు ఊడదీసి గోడకు ఆనించాను. స్క్రూలు ఒక సాసర్‌లో వేసి, ఫ్యాన్ మెల్లగా వదులు చేసి, బిళ్ళ తీశాను. పెద్దమామ తన వక్కపొడి డబ్బా కడిగి తెచ్చుకున్నాడు. అందులో దూది పరిచి కాళ్ళు వంగకుండా పెట్టాను. ఎంత కడిగినా పచ్చకర్పూరం వాసన పోలేదు.

అప్పుడు చిన్నత్త చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఎవరూ చెప్పలేదు, తానే తెచ్చింది. చిన్నమామ గోడవైపు తిరిగి "తాగుతాడేమో అడుగు పాపా" అన్నాడు. నాకు అడగాల్సిన పని పడలేదు. కుడిచేతిలో డబ్బా పట్టుకున్న పెద్దమామ మూడువేళ్ళ చెయ్యి సగం దాకా లేచింది. అక్కడ ఆగింది. ఎన్నేళ్ళ అలవాటో మరి, ఆ చెయ్యి ఆయన మాట కంటే ముందు వెనక్కి పోయింది.

"తిరిగిచ్చేకి వచ్చినప్పుడు కూర్చోని తాగుతానని చెప్పు" అన్నాడు.

మధ్యాహ్నానికి పని అయిపోయింది. అరువు తెచ్చిన బిళ్ళ పెట్టగానే మిషన్ లేచింది. బోర్డు రాత మారుతున్నంతసేపూ కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోతుందని చెబితే, పెద్దమామ స్విచ్ బోర్డు దగ్గర నిలబడి దండం పెట్టుకున్నాడు. తర్వాత కొత్తది పెడితే అదీ లేచింది. ఆయన నా తల మీద చెయ్యి వేసి "చదువుకున్నందుకు పనికొచ్చినావు" అన్నాడు. ఇంతకంటే పెద్ద మెప్పు ఆయన దగ్గర ఉండదు.

"పా మామా, ఇది ఇచ్చేసొద్దాం" అన్నాను డబ్బా చూపిస్తూ.

"వట్టి చేతుల్తోనా? గిన్నె తీస్కున్నోళ్ళు గిన్నె వట్టిగా ఇస్తారా?"

"ఇది గిన్నె కాదు మామా, ప్రాసెసర్."

"నీకు తెల్దు ఊరుకో. ఇన్నేండ్లకు ఆ వాకిలి తొక్కినా. తిరిగి పోయేది ఊరికే పోను. సింహాద్రిపురం తోటలో తొలికాపు దిగనీ. చీనీకాయల తట్ట నేనే నెత్తిన పెట్టుకొని పోతా. ఆడ కూర్చోని నీళ్ళు తాగుతా. వానితో మాట్లాడతా, నీ నోటితో కాదు, నా నోటితో."

పరిహారం డబ్బుతో సింహాద్రిపురం పక్క కొన్న కొంచెం నేలలో ఆయన చీనీ, అంటే బత్తాయి, మొక్కలు పెట్టాడు. మిషన్ బాగైన ఏడే తొలిపూత పట్టింది. పూత చూసొచ్చిన ప్రతిసారీ ఫోన్ చేసేవాడు. నేను డబ్బా సంగతి ఎత్తితే "కాయ ఇంకా గోలీ అంతే ఉండాది" అనేవాడు. నాకు కోపం వచ్చేది. అంగట్లో అరటిపండ్లు దొరకవా? రెండు కొబ్బరికాయలు దొరకవా? ఎన్నోసార్లు అడిగాను. "కొని ఇచ్చేది యాపారం. పండించి ఇచ్చేది మనిషి" అన్నాడొకసారి.

గోడ అవతల పద్యాలు ఆగిపోయాయి. సాయంత్రం అయ్యేసరికి పెద్దమామ గోడ దగ్గర కుర్చీ వేసుకొని కూర్చునేవాడంట. "ఇల్లు బోసిగా ఉండాది" అనేవాడంట పెద్దత్తతో. నాకు చిన్నమామ మీద జాలి వేసి, ప్రొద్దుటూరులో వెతికి అట్లాంటి ప్రాసెసరే ఒకటి పట్టుకుపోయాను. ఆయన దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. "వద్దు పాపా. దాని జాగా దానిదే. ఆయప్ప తెచ్చిస్తానన్న్యాడు గదా" అన్నాడు. పెద్దమామ అక్కడ కాయల కోసం ఆగాడు. చిన్నమామ ఇక్కడ ఆయన కోసం ఆగాడు. మొండితనానికి మా వైపోళ్ళ తర్వాతే ఎవరైనా.

కాయలు రంగు తిరగకముందే పెద్దమామ పోయాడు.

నేను పోయేసరికి ఆయన ఎప్పుడో వదిలేసిన పార్టీ వాళ్ళు జీపుల్లో వచ్చి ఉన్నారు. పీనుగ మీద జెండా కప్పారు. మెడలో కండువా వేశారు. వద్దని చెప్పే ఓపిక పెద్దత్తకు లేదు. చిన్నమామ స్నానం చేసి తెల్లపంచె కట్టుకొని తన వాకిట్లో నిలబడి ఉన్నాడు. వీధిలోకి నాలుగు అడుగులు వేశాడు. జెండా కనబడింది. ఆగిపోయాడు. వెనక్కి తిరిగిపోయి మిద్దె ఎక్కాడు. పాడె లేచినప్పుడు పైకి చూశాను. పిట్టగోడ పట్టుకొని, భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకొని ఏడుస్తున్నాడు. ఒకప్పుడు ఆ మనిషిని భుజాన మోసి బతికించినవాడు పాడెకు భుజం ఇవ్వలేకపోయాడు. నాకు ఆ జెండా మీద వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

అంటు ఉన్న ఇంట్లోంచి ఏదీ బయటికి ఇవ్వకూడదు. దివసాలన్నీ అయ్యాక పెద్దత్త మిషన్ ఉన్న గదిలోని గూట్లోంచి వక్కపొడి డబ్బా తీసి నాకిచ్చింది. వంటింట్లోకి పోయి అటూ ఇటూ చూసింది. తోటకాపరి తెచ్చిన, గాలికి రాలిన పచ్చి చీనీకాయ ఒకటి కిటికీలో ఉంది. దాన్ని చీర కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. "తొలికాపే. పండితే ఏంది, పండకపోతే ఏంది. ఆయన ఇచ్చినాడని చెప్పు" అంది.

చిన్నమామ చీనీకాయ తీసుకున్నాడు. గోటితో తొక్కు గీరి వాసన చూశాడు. చాలాసేపు అట్లనే పట్టుకున్నాడు. డబ్బా మూత తీసి, లోపలి బిళ్ళను చూసి, మళ్ళీ మూసి, నా చేతిలోనే పెట్టాడు.

"పెడతా మామా, నిమిషం పని" అన్నాను.

"వద్దు పాపా. ఇది తీస్కుంటే ఆయప్ప ఇంగ ఈడికి రావాల్సిన పని లేకుండా పోతాది."

చిన్నత్త ఇచ్చిన నీళ్ళు తాగి లేచాను. డబ్బా ఇప్పుడు ప్రొద్దుటూరులో మా ఇంట్లో ఉంది. మూత తీస్తే పచ్చకర్పూరం వాసన ఇంకా వస్తుంది. కాలనీకి పోయినప్పుడల్లా ఆ మిషన్ వైపు చూస్తాను. పక్కతలుపు నేను ఆనించిన చోటే గోడకు ఆని ఉంది. స్క్రూలు ఆ సాసర్‌లోనే ఉన్నాయి. బిళ్ళ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది, దుమ్ము మాత్రం పట్టలేదు, చిన్నమామ రోజూ తుడుస్తాడంట. పెట్టె మీద ఆ చీనీకాయ ఉంది. పచ్చగానే ఎండి, గట్టిపడి, చిన్నదయిపోయింది.